తొంభై చుట్లకు ఒక చుట్టు

1998 వేసవిలో మా తమ్ముడు టెక్సాస్ నుంచి వస్తూ అక్కడ సెకండ్‌హ్యాండ్‌లో కొన్న రికార్డు ప్లేయర్ ఒకటి పట్టుకొచ్చాడు. నూజివీడు దగ్గర మా తోటింట్లో నాన్న దాచుకున్న ఎల్పీలు అట్టపెట్టె నిండా ఉన్నాయి గానీ, వాటిని వాయించే మిషన్ మూలపడి ఏళ్లయింది. అమెరికాది 120 వోల్టులు, మనది 230 అని తెలుసు కాబట్టి నేను ముందే విజయవాడ నుంచి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చి ఉంచాను. చిన్న రసాలు మగ్గేసిన గదిలోనే బల్ల వేసి, ఘంటసాల భగవద్గీత పెట్టాం.

నాన్న రెండు నిమిషాలు విని, "ఇది ఘంటసాల గొంతు కాదురా" అన్నారు.

గొంతు ఆయనదే. కాకపోతే నూజివీడు వీణ మీద లెక్కేస్తే సుమారు మూడు మెట్లు కిందికి దిగింది. ఇరవై నిమిషాల రికార్డు ఇరవై నాలుగు నిమిషాలు పాడింది. ఇరవైకి ఇరవై నాలుగు అంటే యాభైకి అరవై. అది గమనించగానే దొంగ దొరికాడు. తేడా వోల్టులది కాదు, హెర్ట్జ్‌లది. అక్కడ కరెంటు సెకనుకు 60 సార్లు ఊగుతుంది, ఇక్కడ 50 సార్లు. ట్రాన్స్‌ఫార్మర్ ఓల్టేజిని దించగలదు గానీ, ఆ ఊపును మార్చలేదు. 50 లోపలికి వెళ్తే 50 బయటికి వస్తుంది.

ఆ మిషన్‌లో ఉన్నది సింక్రనస్ మోటారు. నాకు అన్ని మోటార్లలోకీ అదంటేనే ఇష్టం. కరెంటు దిశ మారినప్పుడల్లా చుట్టలోని అయస్కాంత క్షేత్రం ఒక అడుగు జరుగుతుంది, రోటరు ఆ అడుగులో అడుగేస్తుంది. ఓల్టేజి కాస్త తగ్గినా పెరిగినా దాని నడక తప్పదు. దీనికి 24 ధ్రువాలు, అంటే 60 హెర్ట్జ్‌కి నిమిషానికి 300 చుట్లు, 50కి 250. ఆ 300లో తొమ్మిదో వంతు, అంటే 33⅓, పళ్లేనికి అందించేది పుల్లీ, బెల్టు.

ఇంకొంచెం వెనక్కి వెళ్దాం. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో టర్బైన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది. అది 90 చుట్లు తిరిగేసరికి మన పళ్లెం సరిగ్గా ఒక చుట్టు తిరగాలి. మధ్యలో షాఫ్టు లేదు, గొలుసు లేదు, ఉన్నవి తీగలే. అయినా పళ్లచక్రాలు బిగించినట్టు రెండూ కలిసి తిరుగుతాయి. అమెరికాలో అలాంటి టర్బైన్ 3600 తిరుగుతుంది, అక్కడి లెక్క 108. మా తమ్ముడు తెచ్చింది 108 లెక్క మిషన్.

మందు తేలికే. పుల్లీని ఆరైదుల పాళ్లలో లావు చెయ్యాలి. పాతది 20 మిల్లీమీటర్లు, కాబట్టి 24కి ఇత్తడి పుల్లీ కోయమని ఊళ్లో లేత్ మిషన్ ఆయనకు చెప్పాను. వేగం సరిచూడ్డానికి చార్టు కాగితం మీద కోణమానితో రెండు డిగ్రీలకొక నల్లగీత చొప్పున 180 గీతలు గీశాను. మన ట్యూబులైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. పళ్లెం సెకనుకు 200 డిగ్రీలు తిరుగుతుంది. మినుకుకూ మినుకుకూ మధ్య రెండు డిగ్రీలు, అంటే ఒక గీత ఉన్న చోటికి సరిగ్గా పక్కగీత వచ్చి నిలబడుతుంది. వేగం సరిపోతే తిరిగే చక్రం మీద గీతలు కదలకుండా కనిపిస్తాయి. అమెరికా లైటుకైతే 216 గీతలు కావాలి.

కొత్త పుల్లీ వేస్తే గీతలు నిలబడలేదు. సెకనుకు ఇంచుమించు ఒక గీత చొప్పున మెల్లగా వెనక్కి జారుతున్నాయి. ఒక రాత్రంతా ఆలోచించాక బెల్టు మందం గుర్తొచ్చింది. ఒక మిల్లీమీటరు మందమున్న బెల్టు చుట్టుకున్నాక పుల్లీ 20 కాదు, 21. దానికి ఆరైదులు 25.2. అందులోంచి బెల్టుది ఒకటి తీసేస్తే పుల్లీ 24.2 ఉండాలి. ఆ 0.2 కోసం రెండో పుల్లీ కోయించాను. గీతలు రాయిలా నిలబడ్డాయి. నాన్న ఆ పూట గీత మొత్తం విన్నారు.

వారం తర్వాత అమ్మ ఒక మాట అంది. రాత్రి పదకొండింటికి తన హార్మోనియంతో కలిసే రికార్డు, సాయంత్రం ఏడింటికి కలవడం లేదట. వెళ్లి చూస్తే ఏడింటికీ గీతలు నిలబడే ఉన్నాయి. కానీ హార్మోనియంకి కరెంటుతో పనిలేదు, దాని మాటే నిజం. ఆ రోజుల్లో దక్షిణ గ్రిడ్‌లో వాడకం పెరిగే వేళ ఫ్రీక్వెన్సీ 48 దాకా దిగడం మామూలే. లోడు పెరిగితే టర్బైన్లు బరువెక్కి నెమ్మదిస్తాయి. వాటితోపాటు మా మోటారూ నెమ్మదించింది, ట్యూబులైటు మినుకూ నెమ్మదించింది. కొలిచేదీ కొలవబడేదీ ఒకే తీగ మీద ఉన్నప్పుడు గీతలు కదలవు! 50 కాస్తా 48 అయితే శ్రుతి దిగేది వీణ మెట్టులో మూడింట రెండు వంతులు. అది అమ్మ చెవికి తెలిసింది. ఊళ్లో ఇళ్లలో లైట్లు, తోటల్లో బోరు మోటార్లు అన్నీ ఆ గొంతులో వినబడుతున్నాయని తెలిశాక నాకు ఆ సాయంత్రాల పాటే ఎక్కువ నచ్చింది.

గల్ఫ్ నుంచి వచ్చిన టూఇన్‌వన్‌లకు ఈ బాధ లేదు. వాటిలో ఉండేది గవర్నరున్న డీసీ మోటారు. వెనక ఉన్న మీట 110 నుంచి 220కి జరిపితే చాలు. జరపడం మరిచిపోయి పొగ చూసిన ఇళ్లు మాత్రం చాలానే ఉన్నాయి.

50, 60 హెర్ట్జ్ అనే ఈ రెండు లెక్కలు జర్మనీలో ఏఈజీ కంపెనీ 50 పట్టుకోవడం, అమెరికాలో వెస్టింగ్‌హౌస్ 60 పట్టుకోవడం వల్ల వచ్చాయి. జపాన్ అయితే రెండూ కొంది. టోక్యోకి జర్మన్ యంత్రాలు, ఒసాకాకి అమెరికన్ యంత్రాలు. అందుకే ఆ దేశంలో ఈనాటికీ తూర్పున 50, పడమర 60. ఇల్లు మారితే పుల్లీ మార్చాల్సిన దేశం అది. ఈ బెల్టునే వదిలించుకుంటూ 1970లో టెక్నిక్స్ కంపెనీ రికార్డు ప్లేయర్ ఎస్‌పీ-10 వచ్చింది, 1979లో క్వార్ట్జ్ స్ఫటికంతో నడిచే ఎస్‌ఎల్-1200 ఎంకే2 వచ్చింది. ఇప్పటి చార్జర్లకైతే ఏ దేశం కరెంటైనా ఒకటే, వాటి మీద 100 నుంచి 240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని అచ్చేసి ఉంటుంది.

2013 డిసెంబరు 31న రాయచూర్–షోలాపూర్ లైనుతో దక్షిణ గ్రిడ్ దేశంలో మిగతా గ్రిడ్‌తో కలిసింది. ఇప్పుడు 49.90, 50.05ల మధ్య ఉండాలన్నది నియమం. సాయంత్రం ఏడింటికి కూడా రికార్డు అమ్మ హార్మోనియంతో కలుస్తోంది. పాత 20 మిల్లీమీటర్ల పుల్లీని గుడ్డలో చుట్టి ప్లేయర్ అడుగునే పెట్టాను. తమ్ముడి కూతురు ఆ మిషన్‌ని మళ్లీ టెక్సాస్ తీసుకెళ్తానంటోంది.