చార్జి అప్పగించి వెళ్లే ప్రాసెసర్

నా బల్ల మీదున్న ల్యాప్‌టాప్‌లో ఎనిమిది ప్రాసెసర్లున్నాయి. నడిచేది లినక్స్ మీద. ప్రాసెసర్లకు సున్నా నుంచి ఏడు దాకా నంబర్లు, ఒక్కో నంబర్‌కి ఒక్కో ఫోల్డర్. ఫోల్డర్లో ‘ఆన్‌లైన్’ అనే ఫైలు, ఆ ఫైల్లో ‘1’ అనే ఒకే ఒక్క అంకె. మూడో నంబర్ ఫోల్డర్లో ఆ 1ని 0 చేశాను. వినిపిస్తున్న పాట ఆగలేదు, రాసుకుంటున్న పేజీ చెదరలేదు. సిస్టమ్ లాగ్‌లో మాత్రం ఒక వరుస కొత్తగా చేరింది: మూడో సీపీయూ ఇప్పుడు ఆఫ్‌లైన్ అని. చిప్ ఉన్నచోటే ఉంది. అందులోని ఎనిమిదింటిలో ఒకటి డ్యూటీ దిగింది, అంతే.

ఆ అంకె మార్చడానికి నాకు రెండు సెకన్లు పట్టింది. మార్చినా ఏమీ కూలకుండా చూసుకోవడానికి ఇంజినీర్లకు దశాబ్దాలు పట్టింది.

బ్యాంకులో క్యాషియర్ కౌంటర్ మూయడం ఎప్పుడైనా గమనించారా? ముందు ఆ కౌంటర్‌కి కొత్త టోకెన్లు ఆపేస్తారు. క్యూలో ఉన్నవాళ్లను పక్క కౌంటర్‌కి పంపుతారు. సొరుగులోని నగదు లెక్కపెట్టి ఖజానాకి చేరుస్తారు. తాళాలు అప్పజెబుతారు. వీటిలో ఏది మరిచి లేచిపోయినా సాయంత్రం లెక్క తేలదు.

ప్రాసెసర్ పరిస్థితీ అదే. దాని ముందు ప్రోగ్రాముల వరుస ఉంటుంది. డిస్కూ నెట్‌వర్కూ పని పడినప్పుడల్లా ‘ఇంటరప్ట్’ అనే సంకేతంతో దాని తలుపు తడుతుంటాయి. ఫలానా క్షణానికి లేపమని పెట్టుకున్న టైమర్లుంటాయి. అన్నిటికన్నా సున్నితమైనది దాని సొరుగు, అంటే క్యాష్ మెమరీ. లెక్కల తాజా విలువలు ఒక్కోసారి అక్కడ తప్ప ఇంకెక్కడా ఉండవు. ప్రధాన మెమరీలో ఉన్నది అప్పటికే పాతబడిన విలువ.

ఈ చిక్కుకి మొదట దొరికిన గట్టి జవాబుల్లో ఒకటి కాలిఫోర్నియాలో పుట్టింది. జేమ్స్ ట్రైబిగ్ 1974లో టాండెమ్ కంప్యూటర్స్ స్థాపించాడు. ఆ కంపెనీ తొలి యంత్రం 1976లో సిటీబ్యాంక్‌కి చేరింది. అందులో 2 నుంచి 16 దాకా ప్రాసెసర్లు పెట్టుకోవచ్చు. ఎవరి మెమరీ వారిదే, ఉమ్మడి ఆస్తి లేదు. ప్రతి ప్రాసెసరూ దాదాపు సెకనుకోసారి ‘నేను బతికే ఉన్నాను’ అని మిగతా వాటికి కబురు పంపేది. కబురు రాకపోతే అది పోయినట్టే లెక్క. ముఖ్యమైన ప్రతి పనికీ మరో ప్రాసెసర్‌లో ఒక జోడీ ఉండేది. అసలు పని ఎక్కడిదాకా వచ్చిందో జోడీకి ఎప్పటికప్పుడు చెబుతుండేది కాబట్టి, ఒకటి ఆగితే రెండోది అక్కడినుంచే అందుకునేది. చెడిపోయిన మాడ్యూల్‌ని యంత్రం నడుస్తుండగానే ఊడదీసి కొత్తది పెట్టేవారు.

వేరు కాపురాలు కాబట్టి అక్కడ పంపకాల గొడవ లేదు. మెమరీ ఉమ్మడిగా ఉన్న యంత్రంలో అసలు పరీక్ష ఎదురైంది. సన్ మైక్రోసిస్టమ్స్ 1997లో స్టార్‌ఫైర్ అనే సర్వర్ తెచ్చింది. 16 బోర్డులు, బోర్డుకి నాలుగు చొప్పున 64 ప్రాసెసర్ల దాకా పడతాయి. ప్రాసెసర్లున్న బోర్డు మీదే మెమరీ కూడా ఉంటుంది. బోర్డు తీయాలంటే ఆ మెమరీలో ఉన్నదంతా ముందు ఖాళీ చేయాలి. మామూలు ప్రోగ్రాముల సమాచారాన్ని పక్క బోర్డులకో డిస్కుకో తరలించవచ్చు. ఆపరేటింగ్ సిస్టమ్ తన కోసం ఉంచుకున్న భాగాన్ని అలా కదిలించడం కుదరదు. అందుకని దాన్ని వీలైనన్ని తక్కువ బోర్డుల్లో సర్ది ఉంచేవారు. ఆ భాగం ఉన్న బోర్డే తీయాల్సి వస్తే సిస్టమ్‌ని కాసేపు బిగబట్టి, ఆ భాగాన్ని మరో బోర్డు మీదికి నకలు చేసి, పాత చిరునామాలు కొత్తచోటికి వర్తించేలా చేసేవారు.

లినక్స్‌కి ఈ విద్య నేర్పడంలో ఆస్ట్రేలియాకి చెందిన రస్టీ రసెల్‌ది పెద్ద పాత్ర. 2004 ఒట్టావా లినక్స్ సింపోజియంలో ఈ పని గురించి వచ్చిన పత్రాన్ని ఆయన మరో నలుగురితో కలిసి రాశాడు. వాళ్లలో బెంగళూరు ఐబీఎంలో పనిచేసిన శ్రీవత్స వడ్డగిరి ఒకరు. వాళ్లు వాడిన కీలకమైన ఉపాయం పేరు ‘స్టాప్ మెషీన్’. ప్రాసెసర్ వెళ్లిపోయే ఆ ఒక్క క్షణంలో మిగతా ప్రాసెసర్లన్నీ ఇంటరప్టులు మూసుకుని, చేతులు కట్టుకుని నిలబడతాయి. ఎవరూ ఏదీ ముట్టుకోరు గనక ఉన్నవాళ్ల జాబితాలోంచి ఒక పేరు నిశ్చింతగా కొట్టేయవచ్చు.

అంతకు ముందే కొత్త పనులు దాని దగ్గరికి రాకుండా ఆపేస్తారు. జాబితాలోంచి పేరు పోయాక ఇంటరప్టులు, మిగిలిన పనులు, టైమర్లు వేరే ప్రాసెసర్లకు పోతాయి. ‘నేను మూడో నంబర్ మీదే నడుస్తాను’ అని పట్టుబట్టిన ప్రోగ్రాముకి ఆ నియమం సడలించి మరోచోట చోటిస్తారు. క్యాష్‌లోని తాజా విలువలు మెమరీకి చేరతాయి. ఆఖరున ఆ ప్రాసెసర్ మళ్లీ పిలిచేదాకా లేవని నిద్రలోకి జారుకుంటుంది.

చెప్పుకోవడానికి ఇది తిన్నగానే ఉంది. ఆచరణలో చాలా ఏళ్లు ఇబ్బంది పెట్టింది. ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెలాంటి కెర్నెల్‌లో ఎన్నో విభాగాలు ప్రాసెసర్‌కొక ఖాతా చొప్పున నడుపుతాయి. ‘ప్రాసెసర్ పోతోంది, మీ సామాను తీసుకోండి’ అన్న కబురు ప్రతి విభాగానికీ వెళ్లాలి. ఎవరి తర్వాత ఎవరికన్నది పాత పద్ధతిలో స్పష్టంగా కనబడేది కాదు. వచ్చేటప్పుడు ఒక వరుస, పోయేటప్పుడు దానికి పొంతన లేని మరో వరుస. మధ్యలో ఒక మెట్టు విఫలమైతే ఎక్కడిదాకా వెనక్కి రావాలో తేలేది కాదు.

కెర్నెల్ ఇంజినీర్ థామస్ గ్లైక్స్‌నర్ 2016లో దీన్ని మొదటినుంచీ మళ్లీ పేర్చాడు. ప్రాసెసర్ పూర్తిగా ఆగిన స్థితికీ, పూర్తిగా పనిచేసే స్థితికీ మధ్య మెట్లు కట్టాడు. ప్రతి మెట్టుకీ ఎక్కేటప్పుడు చేయాల్సిన పని ఒకటి, దిగేటప్పుడు దాన్ని విప్పే పని ఒకటి. ఎక్కిన మెట్ల మీదుగానే దిగాలి. ఎక్కడ కాలు జారినా అక్కడినుంచి వెనక్కి తిరిగి రావచ్చు. కావాలంటే ఒక మెట్టు దగ్గర ఆపి పరీక్షించవచ్చు. లినక్స్ 4.10 వెర్షన్ నాటికి పాత కబుర్ల పద్ధతిని పూర్తిగా తీసేశారు.

నాకు ఈ కథలో నచ్చేది ఇదే. ప్రాసెసర్‌ని ఆపడం ఎప్పుడూ కష్టం కాలేదు, కరెంటు తీస్తే ఆగుతుంది. దాన్ని నమ్ముకుని ఎవరెవరున్నారో ఒక్కరినీ మరవకుండా గుర్తుపెట్టుకోవడమే కష్టమైంది. మెట్ల పద్ధతి ఆ జ్ఞాపకాన్ని మనిషి తలలోంచి తీసి కోడ్‌లో అందరికీ కనబడేలా రాసిపెట్టింది.

ఒకప్పుడు పెద్ద బ్యాంకుల యంత్రాలకే అవసరమైన ఈ విద్య ఇప్పుడు రోజూ మన చేతుల్లో జరుగుతోంది. లినక్స్ ల్యాప్‌టాప్ మూత వేసి గాఢనిద్రలోకి పంపినప్పుడల్లా ఇదే తంతు. ఏళ్లకోసారి తొక్కే దారిలో ముళ్లు పెరుగుతాయి. రోజూ తొక్కే దారి నున్నబడుతుంది.

మూడో నంబర్ ఫైల్లో మళ్లీ 1 పెట్టాను. సున్నా నంబర్ ఫోల్డర్లోకీ తొంగి చూశాను. అక్కడ ‘ఆన్‌లైన్’ ఫైలే లేదు. ఇంటెల్ తరహా యంత్రాల్లో ఆ ప్రాసెసర్‌ని మామూలుగా దిగనివ్వరు. వ్యాసం పూర్తయి మూత వేస్తే ఒకటి నుంచి ఏడు దాకా ఒక్కొక్కటే చార్జి అప్పగించి దిగిపోతాయి. అందరి లెక్కలూ అందుకున్నాకే ఆ సున్నా నంబర్ కన్ను మూస్తుంది. పొద్దున మూత తెరవగానే ముందు లేచేదీ అదే. మిగతా ఏడింటినీ ఒక్కో మెట్టూ ఎక్కించి మళ్లీ పనిలో కూర్చోబెడుతుంది.