కౌలు లెక్క తెలుగులో, సెల్‌ఫోన్‌లో: తేలికైన రియాక్టివ్ లైబ్రరీ అంటే ఏమిటి?

మన క్యాతగానచెర్లుతో పాటు తిరుమణి, వళ్ళూరు, బలసముద్రం, రాయచెర్లు ఊళ్ళ పరిధిలో సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల పావగడ సోలార్ పార్క్ ఉన్న సంగతి అందరికీ తెలిసిందే. రైతులు భూమి అమ్మలేదు, 28 ఏళ్ళకు కౌలుకిచ్చారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలై, రెండేళ్ళకోసారి 5 శాతం పెరిగే లెక్క అది. ఎవరినీ అడగకుండా ఏ ఇంటివారైనా ఆ లెక్క తెలుగులో చూసుకునేలా ఫోన్‌లో ఒక పేజీ ఉండాలని మన సంఘం ఆలోచన. ఇలాంటి పేజీలకు పనికొచ్చేదే రియాక్టివ్ లైబ్రరీ.

లైబ్రరీ అంటే ఇక్కడ గ్రంథాలయం కాదు. వేరేవాళ్ళు ముందే రాసిపెట్టిన ప్రోగ్రాం. మన పేజీలో దాన్ని చేర్చుకుని వాడుకోవచ్చు.

రియాక్టివ్ అన్న మాటకు ఆఫీసు లెడ్జరే ఉదాహరణ. అందులో ఒక పద్దు దిద్దితే కింద మొత్తం దిద్దాలి, తరువాతి పేజీకి తీసుకెళ్ళిన మొత్తమూ దిద్దాలి. ఒక్కటి మరిచినా లెక్క తప్పుతుంది. రియాక్టివ్ పేజీలో ఆ దిద్దుబాటు దానంతటదే జరుగుతుంది. రైతు 2 ఎకరాల 20 గుంటలని నింపితే మొదటి ఏడాది కౌలు 52,500 అని, 5 శాతం పెరిగాక మూడో ఏడాది 55,125 అని కనిపిస్తుంది. గుంటలు మారిస్తే రెండు అంకెలూ వెంటనే మారతాయి. ఏది మారిందో లైబ్రరీ గుర్తించి, అవసరమైన చోట మాత్రమే దిద్దుతుంది. పేజీ మొత్తం మళ్ళీ దిగనక్కరలేదు.

ఈ పద్ధతికి బాగా పేరు తెచ్చింది ఫేస్‌బుక్ 2013లో అందరికీ విడుదల చేసిన రియాక్ట్. దాని సైజు కుదించినా 40 కిలోబైట్ల పైమాటే. అదే తీరులో జేసన్ మిల్లర్ మొదలుపెట్టిన ప్రియాక్ట్ మూడు, నాలుగు కిలోబైట్లలో సరిపెడుతుంది. దీన్ని ఉచితంగా వాడుకోవచ్చు.

సిగ్నల్ సరిగా అందని చోట, పాత ఫోన్లలో ఈ తేడా తెలుస్తుంది. పైగా కంప్యూటర్‌లో ఇంగ్లీషు అక్షరానికి 1 బైటు చాలు. తెలుగులో ఒక్కో అక్షరానికి, ఒక్కో గుణింతపు గుర్తుకు 3 బైట్లు కావాలి. కాబట్టి మన పేజీలో మిగతా బరువు తగ్గించుకోవాలి. అయితే తేలికైన లైబ్రరీ పెట్టి, దాని పక్కనే పెద్ద పెద్ద ఫొటోలు చేరిస్తే ఫలితం ఉండదు. ఫోన్‌లో ఉన్న తెలుగు అక్షరాలనే వాడుకుంటే ఫాంట్ బరువూ తగ్గుతుంది.

భాష కూడా ఇలాగే మార్చవచ్చు. పహణీ కన్నడలో ఉంటుంది, ఇంట్లో మాట తెలుగు. ఒక్క బటన్ నొక్కితే అంకెలు అలాగే ఉండి, పేజీలోని మాటలన్నీ కన్నడం నుంచి తెలుగులోకి మారేలా చేయవచ్చు.

ఒక్క మనవి. పేజీ చూపించేది లెక్క మాత్రమే. హక్కు మాత్రం మీ చేతిలోని ఒప్పంద పత్రానిదే. తేదీ, విస్తీర్ణం అందులో చూసి నింపండి. వచ్చిన మొత్తాన్ని బ్యాంకు పాస్‌బుక్‌తో సరిచూసుకోండి. కంప్యూటర్ చదువు చదివిన మన పిల్లలు ఈ పనికి ముందుకు రావాలని సంఘం తరఫున కోరుతున్నాము.