అంటిన రంగు

కనుమనాడు తెలుగుపల్లెలలో ఎడ్లకొమ్ములు మెఱయుచుండును. ఉదయమే పశువులను కడిగి, కొమ్ములకు ఎఱ్ఱరంగో పచ్చరంగో పూసి, మెడలో మువ్వలు కట్టుదురు. ఆ రంగుడబ్బా పట్టుకొని నిలుచుట యింటి పిల్లవానికి పెద్ద పదవి. ఎద్దు ఒక్కసారి తల విదిలించినచో చాలును. కొమ్మునకు చేరవలసిన రంగు పండుగచొక్కా మీదికి వచ్చును. తల్లి యేమనునో యను భయముతో పిల్లవాడు ఆ చొక్కాను చుట్టి మూల దాచును. మఱునాడు చొక్కా బయటపడును; అప్పటికి రంగు కదలని మరకయై కూర్చుండును.

ఇందు తప్పు రంగుది కాదు, దాచుటది. ఏల యనగా మరకను వదలించుటలో మందు కంటె కాలము ముఖ్యమైనది.

మన భాషలో మురికి వేఱు, కఱ వేఱు, మరక వేఱు. మురికి బట్టపై నిలుచును, ఉతికిన పోవును. పచ్చి అరటికాయ కోసినపుడు చేతికంటునది కఱ. ఏ పదార్థము వలన నైనను బట్టపై నిలిచిపోయిన గుర్తు మరక. ఇంటి యిల్లాండ్రు ఈ భేదములను శాస్త్రము చదువకయే యెఱుగుదురు. పసుపుమరకపై సబ్బు రుద్దినచో అది యెఱ్ఱబాఱును. సబ్బులోని క్షారగుణమే అందుకు కారణము. పసుపులో సున్నము కలిపిన పారాణి యెఱ్ఱనగుటయు ఇందువలననే. ఆ బట్టను ఉతికి యెండలో ఆఱవేసినచో పసుపు క్రమముగా వెలిసిపోవును. ఒక మరకకు ఎండ మందు. మఱొకదానికి నీరు మందు. వేఱొకదానికి నూనె మందు. రోగమెఱుగక మందు వేయరాదన్న సూత్రము వైద్యునికే కాదు, బట్ట లుతుకువానికి సయితము వర్తించును.

గోడలకు, తలుపులకు, చిత్రములకు వాడు రంగులో ముఖ్యముగా మూడు భాగములుండును: వన్నె నిచ్చు పొడి, ఆ పొడిని పట్టియుంచు జిగురు, రెంటిని పలుచన చేయు ద్రవము. పొడి యొంటరిగా బట్టపై పడినచో దులిపిన చాలవఱకు రాలిపోవును. బట్టను పట్టి విడువనిది జిగురు. కావున మరక పడినపుడు అడుగవలసినది “ఏ రంగు?” అని కాదు, “ఏ జిగురు?” అని.

పాఠశాలలో చిత్రలేఖనమునకు వాడు నీటిరంగులలోని జిగురు సాధారణముగా తుమ్మజాతి చెట్లబంక. అది నీటిలో కరగును. ఆఱిన పిమ్మట సయితము మరల కరగును. బట్టను తిరుగవేసి, వెనుకవైపునుండి చన్నీటిధార పట్టి, పిదప సబ్బు పెట్టినచో మరక చాలవఱకు విడిపోవును.

నేడు గోడలకు పూయు నీటిరంగుల తీరు వేఱు. వానిలో కృత్రిమమైన జిగురుకణములు పాలలోని వెన్నవలె నీటిలో తేలియాడుచుండును. తడిగా నున్నంతవఱకు వట్టినీరే చాలును. నీరు ఆవిరియైన కొలది ఆ కణములు ఒండొంటితో కలిసి పొరగా ఏర్పడును. ఆ పొరకు నీరు పనిచేయదు. స్పిరిటుతో తడిపి మెత్తబఱచి, చెంచా అంచుతో మెల్లగా గీకి తీయవలెను.

మూడవది నూనెరంగు. ఎద్దుకొమ్ములకు, కిటికీ కమ్ములకు, బడిబల్లలకు తఱచుగా పూయునది ఈ జాతిదే. తడిబట్ట ఆఱుటయు, నూనెరంగు ఆఱుటయు ఒకటి కాదు. తడిబట్ట ఆఱినపుడు నీరు వెడలిపోవును. మరల తడిపిన మరల తడియగును. అవిసెనూనె ఆఱునపుడు గాలిలోని ప్రాణవాయువు వచ్చి చేరును. నూనె అణువులు దానితో కలిసి, ఒండొంటితో ముడివడి, గట్టిపొరగా మాఱును. ఆ ముడి యొకసారి పడిన పిమ్మట నూనె మరల నూనె కాదు. నేటి ఎనామిలు రంగులు పెక్కింటిలో శుద్ధమైన అవిసెనూనెకు బదులు నూనెలనుండి సిద్ధపఱచిన కృత్రిమమైన జిగురున్నను, అవియు ఈ తీరుననే గట్టిపడును.

కాబట్టి నూనెరంగు పడిన తోడనే, పైనున్న ముద్దను చెంచాతో అంచులనుండి నడిమికి తీసివేయవలెను. రుద్దరాదు, రుద్దిన రంగు నూలుపోగులలోనికి దిగును. మరకక్రింద పాతగుడ్డ పఱచి, బట్టను బోర్లించి, వెనుకనుండి టర్పెంటైనుతో గాని కిరసనాయిలుతో గాని తడిపి అద్దవలెను. క్రిందిగుడ్డకు రంగు దిగినకొలది దానిని మార్చుచుండవలెను. పిదప సబ్బుతో ఉతుకవలెను. మరక పోవువఱకు వేడినీరు, ఇస్త్రీ తగవు. ఏ ద్రవమునైనను ముందుగా బట్ట లోపలి మడతలో పరీక్షింపవలెను. గోళ్లరంగు తుడుచు ఎసిటోను కొన్ని బట్టల రంగును లాగివేయును. ఎసిటేటు వస్త్రమునైతే కరగించివేయును.

ఇవన్నియు మండు ద్రవములు. పొయ్యికి దూరముగా, గాలి యాడుచోట, పెద్దలే ఈ పని చేయవలెను. తడిసిన బట్టను ఉతుకుయంత్రములో వేయరాదు. నూనెరంగు తుడిచిన గుడ్డలను ఉండగా చుట్టి పడవేయరాదు. గట్టిపడునపుడు పుట్టు వేడి లోపలనే నిలిచి తనంతట నిప్పంటుకొనవచ్చును. వానిని ఆరుబయట విడివిడిగా పఱచి ఆఱవేయవలెను.

ఇంతకును రంగు విడువకుండుట ఎల్లప్పుడును దోషము కాదు. శ్రీకాళహస్తిలోను, మచిలీపట్టణము చెంతనున్న పెడనలోను వర్ధిల్లిన కలంకారీ, రంగును విడువకుండ చేయు విద్యయే. బట్టను కరక్కాయరసము, గేదెపాలు కలిపిన నీటిలో ముంచుదురు. ఇనుమును బెల్లపునీటిలో ఊరవేసి తీసిన ద్రవముతో గీత గీసినచో, కరక్కాయలోని వగరు దానితో కలిసి నలుపగును. పటికనీరు పూసినచోట చిరివేరు ఎఱుపు గట్టిగా పట్టును, పూయనిచోట నిలువదు. కళాకారుడు కోరినచోట నిలిచిన వన్నె శోభ. కోరనిచోట నిలిచినది మరక.

1856లో లండనులో విలియం హెన్రీ పెర్కిన్ అను పదునెనిమిదేండ్ల విద్యార్థి క్వినైను చేయబోయి నల్లని మడ్డిని పొందెను. దానిని స్పిరిటులో కరగింపగా ఊదారంగు వెలువడెను. ఆతడు దానిని పాఱబోయక, పట్టుపై అద్ది చూచెను. ఉతికినను, ఎండకు పెట్టినను అది నిలిచెను. కృత్రిమమైన అద్దకపు రంగుల పరిశ్రమ అట్లు మొదలయ్యెను. పొరబాటును దాచక పరీక్షించుటచే కలిగిన ఫల మది.

బడిలో క్రొత్తగా రంగువేసిన బల్లపై తెలియక కూర్చున్న బాలునకు ఒకే జత దుస్తులుండవచ్చును. ఆతనికి ఆ మరక చిన్న సంగతి కాదు. అందఱి యెదుట మందలించినచో రేపటి పిల్లవాడు మరకను దాచును. గడియ గడచును, రంగు ముడిపడును. “వెంటనే చెప్పితివి, మంచిపని చేసితివి” అన్న ఉపాధ్యాయుని మాటతో చొక్కా దక్కును. ఒకవేళ మరక పూర్తిగా పోకున్నను, చెప్పుటకు భయపడని పిల్లవాడు దక్కును.