ఆదిలోనే హంసపాదా? పడనివ్వండి!

కొత్త పని మొదలుపెట్టాలంటే బోలెడు సందేహాలు. బాగా రాకపోతే? నలుగురూ నవ్వితే? వంక లేకుండా చేయాలన్న పట్టుదలే చాలామందిని అసలు పని చేయనివ్వడం లేదు. తొలి ప్రయత్నాన్ని తొలి ప్రయత్నంగానే చూస్తే సగం బరువు దిగిపోతుంది.

అలమరలో మూడు సైజుల కుంచెలు, మూత విప్పని రంగు ట్యూబులు. గోడకు ఆనించి, గుడ్డ కవరు తీయని వీణ. యూట్యూబ్ చానల్‌కి పేరు కుదిరింది, లోగో వచ్చింది, రింగ్‌లైటు కొన్నారు. వీడియో మాత్రం ఒక్కటీ లేదు. వీటిలో ఏదో ఒకటి చాలా ఇళ్లలో కనిపిస్తుంది. అడిగితే ‘టైమ్ దొరకడం లేదండీ’ అంటారు. కాసేపు కూర్చోబెట్టి మాట్లాడిస్తే అసలు సంగతి బయటపడుతుంది: ‘చేస్తే బాగా చేయాలి కదా!’

బాగా చేయాలనుకోవడం మంచిదే. మొదటిసారే బాగా రావాలనుకోవడంతోనే వస్తుంది చిక్కంతా.

నలుగురూ ఏమనుకుంటారో...

పాల్ హ్యూయిట్, గోర్డన్ ఫ్లెట్ అనే కెనడా సైకాలజిస్టులు 1991లో పర్ఫెక్షనిజాన్ని మూడు రకాలుగా విడదీసి చూపారు. మన పని మనకే వంక లేకుండా ఉండాలనుకోవడం ఒకటి. ఎదుటివాళ్లు అలా చేయాలనుకోవడం రెండోది. లోకమంతా మన నుంచి అలాంటి పనే ఆశిస్తోందని బెంగపడటం మూడోది. తర్వాత థామస్ కరన్, ఆండ్రూ హిల్ అనే పరిశోధకులు 1989 నుంచి 2016 వరకు అమెరికా, కెనడా, బ్రిటన్‌లలో 40 వేల మందికి పైగా కాలేజీ విద్యార్థులు ఇచ్చిన జవాబులను కలిపి చూశారు. మూడూ పెరిగాయి. అన్నిటికన్నా ఎక్కువగా, 33 శాతం, పెరిగింది మూడోదే.

ఆ మూడోదాన్ని మనకు ఎవరూ పరిచయం చేయక్కర్లేదు. పక్కింటివాళ్ల అబ్బాయి ర్యాంకుతో చిన్నప్పుడే ఇంట్లోకి వచ్చేసింది. ఇప్పుడు దానికి ఫోన్ తోడైంది. రీల్‌లో పదిహేను సెకన్లలో పూర్తయ్యే ముగ్గు వెనక, ఎన్నిసార్లు చుక్కలు తప్పి చెరిపేశారో కనిపించదు. వాళ్ల పదేళ్ల సాధనను మన మొదటి రోజు పక్కన పెట్టుకుని చూసుకుంటే చెయ్యి వణక్క ఏమవుతుంది?

రెండో ప్రతి ఎలా వచ్చింది?

గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో రంగస్థలం ఎక్కింది. 1897లో అచ్చయింది. అయితే ఈనాడు మనం చదివేదీ, మాటకు ముందు తలుచుకునేదీ ఆ ప్రతి కాదు. 1909లో ఆయన నాటకాన్ని దాదాపు కొత్తగా తిరగరాశారు. నిడివి బాగా పెరిగింది, మధురవాణి పాత్రకు కొత్త బలం వచ్చింది. రెండు అచ్చుల మధ్య పన్నెండేళ్లు గడిచాయి. ‘ఇంకా పదును రాలేదు’ అనుకుని 1892లోనే ఆ కాగితాలను ట్రంకుపెట్టెలో పడేసి ఉంటే, తిరగరాయడానికి ఆయన చేతిలో ఏముండేది?

సి.పి. బ్రౌన్ కథా అలాంటిదే. 1817లో మద్రాసులో దిగేనాటికి ఆయనకు తెలుగు రాదు. కొలువు కోసం నేర్చుకోవడం మొదలుపెట్టి, 1829లో 693 వేమన పద్యాలను ఇంగ్లిష్ అనువాదంతో అచ్చు వేయించారు. దొరికే పద్యాలన్నీ దొరికాకే పుస్తకం అనుకోలేదు. పదేళ్లకు, 1839లో వచ్చిన ముద్రణలో ఆ సంఖ్య 1,164కి చేరింది. ఆయన తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు రావడానికి మరో పదమూడేళ్లు పట్టింది.

వాళ్లంటే మహానుభావులు, వాళ్ల తొలి ప్రయత్నమే మన పదో ప్రయత్నం కన్నా మెరుగ్గా ఉంటుందనవచ్చు. ఒప్పుకుందాం. కానీ వరుస మాత్రం వాళ్లకైనా మనకైనా ఒక్కటే: ముందు ఒక ప్రతి, తర్వాతే దిద్దుబాటు.

గొంతు కలవని నెలలు

తప్పులు చేయడానికి ఒక చోటు కావాలి. కర్ణాటక సంగీతం ఆ చోటును పాఠంలోనే పెట్టింది. మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు, ఆపైన జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు. ఈ పాఠాల వరుసను ఏర్పరిచింది పురందరదాసేనని సంప్రదాయం చెబుతుంది.

నలభై దాటాక క్లాసులో చేరినవారిని గమనించండి. పక్కన కూర్చున్న ఎనిమిదేళ్ల పాప తప్పు పాడి, నాలుక కరుచుకుని, మళ్లీ ఎత్తుకుంటుంది. పెద్దాయన మాత్రం పై ‘స’ దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించేస్తారు, అపస్వరం బయటికి వినపడకూడదని. తొడ మీద తాళం ముందు వెళ్లిపోతుంది, స్వరం వెనకబడుతుంది. ‘గట్టిగా పాడండి సార్, వినపడితేనే కదా దిద్దేది’ అంటారు టీచరు. సరళీ స్వరాలతో ఎవరూ కచేరీ చేయరు. అందుకే అక్కడ తప్పిపోయినా పరువు పోదు.

మీ సరళీ స్వరాలు ఇవి

*చిన్నది పట్టుకోండి.* నవల వద్దు, ఒక పేజీ చాలు. కర్రీ పాయింట్ పెట్టాలని ఉంటే ముందు ఆదివారాలు నాలుగిళ్లకి పప్పూ వేపుడూ వండి ఇవ్వండి.

*తేదీ చెప్పండి.* ‘బాగా వచ్చాక చూపిస్తా’ అంటే ఆ రోజు రాదు. ‘శుక్రవారం చూపిస్తా’ అనండి.

*ఒక్కరికే చూపించండి.* ఫ్యామిలీ గ్రూపులో పెడితే దండాలూ చప్పట్ల బొమ్మలే వస్తాయి. నమ్మకమున్న ఒకరిని సూటిగా అడగండి: ‘ఎక్కడ విసుగొచ్చింది?’ ‘ఉప్పెక్కువైందా?’

*ఒకసారికి ఒక్క తప్పే దిద్దండి.* అన్నీ ఒకేసారి సరిచేయబోతే మళ్లీ మొదటికే వస్తుంది.

*పాతవి పారేయకండి.* మూడు నెలలయ్యాక తీసి చూస్తే ఎంత దూరం వచ్చారో మీకే తెలుస్తుంది.

ఇక్కడ మాత్రం కుదరదు

మందు మోతాదు, ఇంటి వైరింగు, స్కూలు బస్సు బ్రేకులు... వీటి దగ్గర ‘పర్లేదులే’ పనికిరాదు. అక్కడా కొత్తవాళ్లు తప్పులు చేస్తూనే నేర్చుకుంటారు, కాకపోతే ప్రాణాల మీదికి రాని చోట. పైలట్లకు సిమ్యులేటర్ ఉన్నది అందుకే. బొమ్మ గీయడానికి అంత ఏర్పాటు అక్కర్లేదు. పాడైతే ఒక కాగితం పోతుంది.

పనిలో నాణ్యత తగ్గించుకోమని ఎవరూ అనరు. దాన్ని రెండో ప్రతి నుంచి అడగమనే ఈ చెప్పేదంతా. వంక వస్తుందేమోనన్న భయం నిద్రనూ తిండినీ చెడగొట్టేదాకా వస్తే మాత్రం చిట్కాలతో సరిపెట్టుకోకుండా కౌన్సెలర్‌ని కలవాలి.

ఇంకో మాట. మొదలుపెట్టినవన్నీ చివరిదాకా సాగవు. నాలుగు వారాలు పాడాక సంగీతం మీకు సరిపడదని తేలొచ్చు. అదీ నష్టమేమీ కాదు, ఆ సాయంత్రాలు ఇంకో పనికి మిగులుతాయి. ఆరంభశూరులని ఎవరైనా దెప్పితే దెప్పనివ్వండి. ఏదీ ఆరంభించనివాళ్లకి ఆ దెప్పు కూడా దక్కదు!