పది పేర్లకు పరుగు, లక్ష పేర్లకు నత్తనడక.. ప్రోగ్రామ్‌లో లోపం ఎక్కడ?

బీసీఏ, బీటెక్, బీకాం కంప్యూటర్స్ చదివే పిల్లలు ప్రాజెక్టు చేసేటప్పుడు ఒక ఇబ్బంది ఎదురవుతుంటుంది. పది పేర్లతో చూస్తే ప్రోగ్రామ్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. అసలు డేటా ఎక్కించగానే ఆగిపోయినట్టు అవుతుంది. నెట్ స్లో అనో, ల్యాప్‌టాప్ పాతదనో అనుకుంటాం. కానీ తప్పు లూప్‌లోని ఒక్క లైన్‌లో ఉండొచ్చు.

కారణం ఏంటి?

స్ట్రింగ్ అంటే అక్షరాల వరుస. పేరు, ఊరు, హాల్‌టికెట్ నంబరు ఇలాంటివన్నీ స్ట్రింగ్‌గానే ఉంటాయి. జావాలో ఒకసారి తయారైన స్ట్రింగ్‌ను మార్చడానికి వీల్లేదు. దానికి ఇంకో పేరు కలపమంటే, పాతదంతా కాపీ చేసి, కొత్త పేరు చేర్చి, మరో స్ట్రింగ్ తయారు చేస్తుంది. షాపులో కొత్త పద్దు వచ్చిన ప్రతిసారీ కొత్త ఖాతా పుస్తకం కొని, పాత పద్దులన్నీ మళ్లీ మొదటి నుంచి రాసినట్టన్నమాట.

లెక్క చూద్దాం

ఒక్కో పేరుకు 20 అక్షరాలు అనుకోండి. ఇలా 1,000 పేర్లు కలిపితే మొత్తం దాదాపు 1 కోటి అక్షరాలు రాయాలి. కంప్యూటర్‌కు అది పెద్ద పని కాదు, అందుకే మనకు తెలీదు. అదే లక్ష పేర్లయితే? దాదాపు 10 వేల కోట్లు! పేర్లు 100 రెట్లు పెరిగితే పని 10 వేల రెట్లు పెరిగింది. నిజానికి రాయాల్సింది 20 లక్షల అక్షరాలే.

ఏం చేయాలి?

పేర్లను ముందు ఒక జాబితాలో వేసుకుని, లూప్ అయ్యాక ఒకేసారి కలపాలి. జావాస్క్రిప్ట్, పైథాన్‌లలో దీనికి జాయిన్ ఉంది, పీహెచ్‌పీలో ఇంప్లోడ్. జావాలో అయితే స్ట్రింగ్‌బిల్డర్ వాడాలి. ఇది 2004లో వచ్చిన జావా 5 నుంచే ఉంది. జాయిన్‌తో ఇంకో లాభం.. కామాలు పేర్ల మధ్యే పడతాయి, చివర ఒకటి మిగిలిపోదు.

బ్రౌజర్‌లో సంగతి వేరు

ఇప్పటి బ్రౌజర్లు జావాస్క్రిప్ట్‌లో ఈ కాపీ పనిని చాలావరకు తప్పిస్తాయి. కాబట్టి అక్కడ మామూలుగా కలిపినా పెద్ద నష్టం లేదు. అసలు చిక్కు ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌కు లూప్‌లోనే ఒక్కో వరుస కలపడంతో వస్తుంది. అప్పుడు బ్రౌజర్ ఆ భాగమంతా ప్రతిసారీ కొత్తగా కడుతుంది. అందులోని బటన్లకు విడిగా జతచేసిన క్లిక్ పనులూ పోతాయి. అంతా సిద్ధం చేసుకుని పేజీలో ఒక్కసారే పెట్టాలి. యూజర్ టైప్ చేసిన మాటలను మాత్రం ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌లో నేరుగా పెట్టొద్దు. అందులో ఎవరైనా హానికర కోడ్ దూర్చవచ్చు. వాటికి టెక్స్ట్‌కంటెంట్ వాడాలి.

చివరగా ఒక మాట. ఆఖరి పేరు ఒక్కటే కనిపిస్తోందంటే, ఖాళీ స్ట్రింగ్‌ను లూప్ లోపల పెట్టారేమో చూడండి. దాన్ని లూప్‌కు ముందే పెట్టాలి. ప్రాజెక్టు ఇచ్చే ముందు పది పేర్లతో సరిపెట్టుకోకుండా, ఒక్కసారి లక్ష పేర్లతో నడిపి చూడండి.