అమ్మ ఉన్న అనాథలు!

సినిమాల్లో అనాథ పిల్లవాడి లెక్క మనకు బాగా తెలుసు. మొదటి రీల్లో అమ్మానాన్న పోతారు, మూడో రీల్లో వాడు హీరో అవుతాడు! కానీ కన్నతల్లి పక్క ఊళ్లోనే బతికుండగా వేలమంది పిల్లలు అనాథలుగా చలామణీ అయితే? ఏ రచయితైనా ఈ కథ వినిపిస్తే “నమ్మేట్టు లేదండీ” అని నిర్మాత పంపించేస్తాడు. హైతీ దేశంలో మాత్రం ఇది పచ్చి నిజం.

హైతీ కరేబియన్ సముద్రంలోని నిరుపేద దేశం. ఏళ్ల తరబడి, సెలవులొస్తే చాలు, అమెరికా చర్చిల యువజన బృందాలు అక్కడ దిగేవి. అందరికీ ఒకే రంగు టీషర్టులు! వారం పది రోజుల మకాం. అనాథాశ్రమం గోడలకు రంగులు వేయడం, బైబిల్ కథలు చెప్పడం, పాటలు నేర్పడం, పిల్లల్ని చంకనెత్తుకుని ఫొటోలు దిగడం... ముఠాల హింస ముదిరాక ఈ రాకపోకలు బాగా తగ్గాయి. చందాలు పోగుచేసుకుని అంత దూరం వెళ్లిన ఆ కుర్రకారు మనసులో కల్మషం ఉందని నేననను. చిక్కంతా ఆ మంచితనం చుట్టూ పెరిగిన వ్యాపారంతోనే.

2010 జనవరి 12న హైతీని భూకంపం కుదిపేసింది. అదే నెల 29న పదిమంది అమెరికన్లు 33 మంది పిల్లల్ని బస్సులో డొమినికన్ రిపబ్లిక్‌కు దాటిస్తూ సరిహద్దులో పట్టుబడ్డారు. వాళ్లలో ఎక్కువమంది ఐడహో రాష్ట్రపు బాప్టిస్టు చర్చిలవాళ్లు. అనాథల్ని ఆదుకుంటున్నామన్నారు. తీరా ఆరా తీస్తే పిల్లలకు తల్లో తండ్రో బతికే ఉన్నారు! చదువు చెప్పిస్తామంటే నమ్మి కన్నవాళ్లే బస్సెక్కించారు. బృందం నాయకురాలికి ఆ ఏడు మేలో శిక్ష పడింది. అప్పటికే జైల్లో గడిపిన రోజులతో అది సరిపోయింది.

హ్యారీ పాటర్ సృష్టికర్త జె.కె. రౌలింగ్ మీకు తెలుసుగా? ఆమె స్థాపించిన ‘లూమోస్’ సంస్థ 2017లో హైతీ గుట్టు విప్పింది. ఆశ్రమాల్లో సుమారు 30,000 మంది పిల్లలు. అందులో 80 శాతానికి పైగా కన్నవాళ్లు ఉన్నవాళ్లే! మూడో వంతు ఆశ్రమాలకే ఏటా కనీసం 7 కోట్ల డాలర్ల విరాళాలు!

ఎందుకిలా? ఇంట్లో తిండికీ బడి ఫీజుకూ గతి లేని తల్లి బిడ్డను ఆశ్రమానికి పంపుతుంది. పిల్లలెంతమంది ఉంటే ఆశ్రమానికి అంత డబ్బు. పిల్లలు ఎంత దీనంగా కనిపిస్తే చూడవచ్చినవాళ్ల జేబులు అంత తేలిగ్గా తెరుచుకుంటాయి. ఇక ఆ పసిమనసు సంగతో? కొత్త అక్క వస్తుంది, ముద్దులాడుతుంది, వెళ్లిపోతుంది. మళ్లీ ఇంకో అక్క! ఎవరు కనిపించినా మెడ పట్టుకుని వేలాడే పిల్లల్ని చూసి మనం “ఎంత ప్రేమో” అనుకుంటాం. అది ప్రేమ కాదు మిత్రులారా, ఆకలి!

‘లయన్’ (2016) చూశారా? రైల్లో తప్పిపోయి కలకత్తా చేరిన సరూ ఆస్ట్రేలియాకు దత్తు వెళ్లాడు. పాతికేళ్ల తర్వాత ఊరు వెతుక్కుంటూ వస్తే అమ్మ ఉంది! అది కట్టుకథ కాదు, జరిగిన కథ.

ఇప్పుడు మన ఇంటి సంగతి. అభిమాన హీరో పుట్టినరోజు రాగానే పళ్లూ బ్రెడ్లూ పట్టుకుని అనాథాశ్రమాలకు బయల్దేరే తమ్ముళ్లను నేను చాలాసార్లు చూశాను. వాళ్ల ఉత్సాహానికి నా జోహార్లు. కానీ వరసగా పిల్లల్ని నిలబెట్టి, బ్యానరు ముందు ఫొటో తీసి పత్రికలకు పంపడం ఎందుకు? 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం అలాంటి పిల్లల్ని గుర్తుపట్టేలా ఫొటోలు ప్రచురించడం నేరం. పిల్లల్ని ఆశ్రమంలో ఉంచడం ఆఖరి మార్గం కావాలన్నదీ ఆ చట్టం మాటే.

ఈసారి పళ్లతో పాటు ఒక ప్రశ్న కూడా పట్టుకెళ్లండి. “వీళ్లలో అమ్మ ఉన్నవాళ్లెందరు? ఇంటికి పంపాలంటే ఏం కావాలి?” ఒక కుట్టుమిషనో, ఒక ఏడాది స్కూలు ఫీజో చాలునని తేలితే, ఆ డబ్బు ఆ తల్లి చేతికి చేరే దారి చూడండి. క్రైస్తవ సంస్థలు కూడా కొన్ని ఇప్పుడు ఈ బాటే పట్టాయి.

ఆ సాయానికి ఫొటో ఉండదు. కానీ ఒక బిడ్డ రాత్రి అమ్మ పక్కన నిద్రపోతాడు. అంతకంటే మంచి క్లైమాక్సు ఏ సినిమాలో ఉంది చెప్పండి!