పాత కారే ప్రయోగశాల

మెకానికల్ ఫైనలియర్‌లో ఉన్నారా? ఆటోమొబైల్ డిప్లొమా చేతికొచ్చి ఆర్నెల్లు దాటిందా? అయితే ఓ చిన్న ప్రశ్న. కారు సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజిన్ మాత్రం అందుకోవడం లేదు. మీరు ముందుగా ఏం చూస్తారు?

'పెట్రోలు ఉందో లేదో చూస్తా' అన్నవాళ్లు నయమే. ఆ తర్వాత? చాలామంది అక్కడే ఆగిపోతారు. ఓటో సైకిల్ పటం బోర్డు మీద తప్పు లేకుండా గీస్తారు. ఎఫిషియెన్సీ సూత్రం గడగడా చెప్పేస్తారు. ప్లగ్గు విప్పమంటే ఏ పానా పట్టాలో తెలియదు. కోర్ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో మార్కుల షీటు పక్కన పెట్టేశాక వచ్చే ప్రశ్నలు మాత్రం ఇలాంటివే. ఆగిపోయిన యంత్రాన్ని మీ ముందు పెడితే ఎక్కడ మొదలుపెడతారు అన్నదే వాళ్లకు కావాలి.

విశాఖలో చదువుతూ ఈ ప్రశ్నకు తడబడటం మరీ అన్యాయం. ఓ పక్క ఉక్కు కర్మాగారం, ఇంకో పక్క పోర్టు, హిందుస్థాన్ షిప్‌యార్డు, నేవల్ డాక్‌యార్డు, రైల్వే లోకోషెడ్డు. ఊరంతా యంత్రాలే. వాటిని నడిపేవాళ్లు ఎంతమందో, ఆగినప్పుడు లేపేవాళ్లూ అంతే అవసరం. ఆ పని నేర్చుకోవడానికి అందుబాటులో ఉన్న చవకైన ప్రయోగశాల ఏదంటే, ఎవరింటి వెనకో కవరు కప్పి పడి ఉన్న పాత కారు. దహనం, కూలింగ్, లూబ్రికేషన్, కరెంటు, హైడ్రాలిక్స్... మీ సిలబస్‌లో సగం ఆ నాలుగు చక్రాల మీదే ఉంది.

'ఇంత చదివించింది గ్రీజు పూసుకోవడానికా' అని ఇంట్లో అంటారు. అననివ్వండి.

ఏ బండి? ఏం చూసి?

నేర్చుకోవడానికి మారుతి 800 లాంటిది లేదు. 1983 డిసెంబరులో మొదలై 2014 జనవరి దాకా తయారైన కారు. 796 సీసీ, మూడు సిలిండర్లు. బానెట్ ఎత్తితే చెయ్యి దూరేంత ఖాళీ ఉంటుంది. స్పేర్లు దొరుకుతాయి, పని తెలిసిన మేస్త్రీలూ దొరుకుతారు. వీలైతే కార్బురేటర్ ఉన్న పాత మోడలే చూడండి. అందులో ఏ లోపమైనా కంటికి, చెవికి, ముక్కుకి తెలుస్తుంది. కంప్యూటర్ ఉన్న బండికి తర్వాత వెళ్లొచ్చు. నలుగురు స్నేహితులు కలిసి కొనుక్కుంటే ఖర్చూ పంచుకోవచ్చు, పనీ పంచుకోవచ్చు.

మన ఊళ్లో ఒక్క జాగ్రత్త ఎక్కువ కావాలి. సముద్రపు గాలి. ఉప్పు తేమకు ఇనుము లోపల్నుంచి తింటుంది. పైన పెయింటు నిగనిగలాడుతున్నా కింద ఫ్లోరు జల్లెడలా ఉండొచ్చు. కొనేముందు కార్పెట్ ఎత్తి చూడండి. జాకీ పెట్టే చోట్లు, డోర్ల కింది అంచులు, ముందు సస్పెన్షన్ పైభాగం బిగించే చోటు స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. గట్టి రేకు ఖంగుమంటుంది. తుప్పు తిన్నది బొద్దుగా పలుకుతుంది. ఇంజిన్ పాడైతే బాగు చేసుకోవచ్చు, అస్థిపంజరమే పోయిన బండిని టింకరింగ్ షాపు కూడా కాపాడలేదు.

కాగితాలూ అంతే ముఖ్యం. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆ తర్వాత తనిఖీ చేయించుకుని ఐదేళ్ల చొప్పున పొడిగించుకోవాలి. గడువు తీరిన ఆర్సీ ఉన్న బండి చవగ్గా వస్తుంది నిజమే, కానీ దాన్ని రోడ్డెక్కించే ఖర్చు కూడా ధరలో కలుపుకోండి.

మేస్త్రి మెదడులో ఉన్నది

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. పెట్రోలు ఇంజిన్ రగలాలంటే నిప్పురవ్వ, ఇంధనం, గాలి కావాలి. ఆ గాలి తగినంత నొక్కుకుపోవాలి. ఇవన్నీ సరైన సమయానికి జరగాలి. ప్లగ్గు విప్పండి. తడిగా ఉంటే ఇంధనం వస్తోంది, రవ్వ లేదేమో. పొడిగా ఉంటే ఇంధనమే రావట్లేదేమో. ఒక్క ప్లగ్గు విప్పగానే సగం అనుమానాలు తీరిపోయాయి చూశారా? అనుభవం ఉన్న మేస్త్రి చేసేది ఇదే. ఒక్కో పరీక్షతో సగం కారణాలను కొట్టేసుకుంటూ పోతాడు. కొత్తవాడు మాత్రం పార్టులు మార్చుకుంటూ పోతాడు, డబ్బులయ్యాక ఆగుతాడు.

కంప్రెషన్ పరీక్ష ఇంకా బాగుంటుంది. గేజి పెట్టి మూడు సిలిండర్లూ చూశారు. రెండు దగ్గరదగ్గరగా ఉన్నాయి, ఒకటి బాగా తక్కువ. ఎందుకు? ఆ సిలిండర్‌లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. రీడింగు పెరిగిందంటే రింగులో, బోరో అరిగినట్టు, ఎందుకంటే ఆయిల్ ఆ సందు మూసింది. పెరగలేదంటే వాల్వులో, హెడ్ గాస్కెట్టో. ఇంజిన్ దించకుండానే లోపలి సంగతి తెలిసిపోయింది. పక్కపక్క సిలిండర్లు రెండూ తక్కువగా ఉంటే వాటి మధ్య గాస్కెట్ కాలిందని అనుమానించాలి. పొగ కూడా మాట్లాడుతుంది. నీలం రంగైతే ఆయిల్ కాలుతోంది. నలుపైతే ఇంధనం ఎక్కువైంది. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతున్నట్టు.

స్టీల్‌ప్లాంటులో పంపు ఆగినా, ఓడలో జనరేటర్ ఆగినా ఆలోచించే తీరు ఇదే. అందుకే పాత కారు మీద గడిపిన ఆర్నెల్లు కారుకే పరిమితం కావు.

రెండు హెచ్చరికలు చెప్పి ముందుకెళ్దాం. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన బండి కిందకి ఎప్పుడూ దూరకండి, కింద స్టాండ్లు ఉండాల్సిందే. కరెంటు పని ముట్టుకునే ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పండి. ఈ రెండూ తెలియని కుర్రాణ్ని మంచి గ్యారేజీలో పానా కూడా పట్టనివ్వరు.

గుండె మార్పిడి కథ

ఇంజిన్ మార్పిడి అనగానే యూట్యూబ్‌లో చూసిన విదేశీ కార్లు గుర్తొస్తాయి. మన దగ్గర అది సరదాగా మొదలవలేదు, కడుపు కోసం మొదలైంది. డీజిల్ పెట్రోలు కన్నా బాగా చవకగా ఉన్న రోజుల్లో పెట్రోలు అంబాసిడర్‌తో టాక్సీ నడిపితే గిట్టేది కాదు. పెట్రోలు ఇంజిన్ దించి డీజిల్ ఇంజిన్ ఎక్కించేవాళ్లు. పెట్రోలుతో నడిచే పాత విల్లీస్ జీపులకూ అదే గతి పట్టింది.

కంపెనీ కూడా చేసింది అదే పని. అంబాసిడర్ అసలు బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్-3 రూపం. 1950ల చివర్లో మొదలైన ఆ బండిలో చాలాకాలం 1489 సీసీ బ్రిటిష్ ఇంజినే ఉండేది. 1990ల మొదట్లో హిందుస్థాన్ మోటార్స్ అదే ఒంట్లో జపాన్ ఇసుజు 1.8 లీటర్ల పెట్రోలు ఇంజిన్ పెట్టింది, దానితోపాటే ఐదు గేర్ల గేర్‌బాక్సు వచ్చింది. ఆ బండి 2014 మే దాకా బతికింది. ఆకారం తాతది, గుండె మనవడిది.

వినడానికి ఇంజిన్ దించి ఇంకోటి ఎక్కించడమే అనిపిస్తుంది. చెయిన్ పుల్లీతో ఎత్తి దించడం ఒక్క పూట పని. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. కొత్త ఇంజిన్ మౌంట్లు పాత ఛాసిస్ రంధ్రాలకు కలవవు. పాత గేర్‌బాక్సే ఉంచాలంటే మధ్యలో అడాప్టర్ ప్లేటు లేత్ మీద చేయించాలి. ఆ ప్లేటు మధ్య కేంద్రం వెంట్రుకవాసి పక్కకి జరిగినా క్లచ్ ప్లేటు, బేరింగు నెలల్లో అరిగిపోతాయి. డీజిల్ ఇంజిన్ బరువెక్కువ కాబట్టి ముందు స్ప్రింగులు కుంగుతాయి. అది తిరిగే వేగం తక్కువ కాబట్టి డిఫరెన్షియల్ పళ్ల నిష్పత్తి కుదరదు, బండి అరుస్తుందే కానీ పరిగెత్తదు.

ఇంకో రెండు చిక్కులున్నాయి, ఇవి ఇంటర్వ్యూలో అడగదగ్గ ప్రశ్నలు. మొదటిది, పెట్రోలు ఇంజిన్ ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో వ్యాక్యూమ్ ఉంటుంది, దాంతోనే బ్రేకు బూస్టర్ పనిచేస్తుంది. డీజిల్ ఇంజిన్‌కి గాలిని అడ్డే థ్రాటిల్ సాధారణంగా ఉండదు, అందుకే ఆ వ్యాక్యూమ్ రాదు. వేరే వ్యాక్యూమ్ పంపు పెట్టకపోతే బ్రేకు పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. రెండోది, పెట్రోలు బండి తాళం తిప్పితే రవ్వ ఆగి ఇంజిన్ ఆగుతుంది. పాత డీజిల్‌కి రవ్వే లేదు, మరి తాళం తిప్పితే ఎలా ఆగుతుంది? పంపుకి ఇంధనం ఆపే కేబులో, సొలెనాయిడో ఉండాలి. ఇవి పట్టించుకోకుండా ఇంజిన్ ఎక్కించేవాణ్ని మేస్త్రి అనలేం.

2014 అక్టోబరులో డీజిల్ ధరల మీద ప్రభుత్వ నియంత్రణ పోయింది. పెట్రోలుకీ డీజిల్‌కీ తేడా తగ్గేకొద్దీ ఈ మార్పిళ్ల వెనకున్న లెక్క కూడా చెదిరిపోయింది. ఇప్పుడు చేసేవాళ్లు ఎక్కువగా స్పీడు కోసం చేస్తున్నారు, 800లో ఎస్టీమ్ 1.3 ఇంజిన్ పెట్టడం లాంటివి. నా మాట వింటే రోడ్డు మీద నడిపే బండికి ఆ పని వద్దు. అంత శక్తికి ఆ బ్రేకులు, ఆ టైర్లు, ఆ రేకు చేసినవి కావు.

చట్టం ఏమంటోంది?

ఈ భాగం దాటేయకండి, మీ ఉద్యోగానికే ఎసరు పెట్టేది ఇదే. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం కంపెనీ మొదట నిర్దేశించిన, ఆర్సీలో నమోదైన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కేరళ నుంచి వచ్చిన ఓ కేసులో ఇదే తేల్చి చెప్పింది. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ ప్రకారం అనుమతి లేని మార్పుకు యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ.

పాత ఇంజిన్ పూర్తిగా పోయి అదే మోడల్ ఇంజిన్ పెట్టాలన్నా ముందు రవాణా శాఖ అనుమతి, ఇంజిన్ కొన్న బిల్లు, ఆర్సీలో కొత్త నంబరు నమోదు ఉండాలి. తుక్కు దుకాణంలో బిల్లు లేకుండా చవగ్గా వచ్చిన ఇంజిన్ ఏ దొంగబండిదో మీకేం తెలుసు? ప్రమాదం జరిగితే బీమా కంపెనీ ముందుగా చూసేదీ ఆ నంబర్లే. పోలీసు వెరిఫికేషన్ ఉండే ఉద్యోగాలకు వెళ్లాలనుకునేవాళ్లు ఓ సరదా కోసం కేసు తెచ్చుకోవద్దు. మార్పిడి మీద మోజుంటే రోడ్డెక్కని ఇంజిన్‌ని స్టాండు మీద బిగించి నేర్చుకోండి. లేదా కాలేజీ జట్టుతో బాహా ఎస్ఏఈ ఇండియా, సుప్రా ఎస్ఏఈ ఇండియా పోటీలకు బండి తయారుచేయండి. అక్కడ ఇంజిన్ బిగించడం, మౌంట్లు వెల్డింగ్ చేయడం అన్నీ మీరే, ఏ సెక్షనూ అడ్డురాదు.

50 ఏళ్లు దాటిన బండి మీ తాతగారి షెడ్డులో ఉంటే అస్సలు కదపకండి. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం ఇంజిన్, ఛాసిస్, బాడీ మార్చకుండా అసలు రూపంలో ఉన్నవాటికే ఆ ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఇస్తారు.

చట్టం తెరిచిపెట్టిన తలుపు ఒకటుంది. సీఎన్‌జీ, ఎల్‌పీజీ, బ్యాటరీ లాంటి వేరే ఇంధనానికి ఆమోదం పొందిన కిట్‌తో మారితే సెక్షన్ 52 షరతులతో ఒప్పుకుంటుంది. ఎలక్ట్రిక్ కిట్లకు ఏఐఎస్-123 ప్రమాణం ఉంది. హైదరాబాద్ స్టార్టప్ ఈ-ట్రియో ఆల్టో లాంటి కార్లకు ఎలక్ట్రిక్ కిట్ పెట్టి ఏఆర్‌ఏఐ ఆమోదం తెచ్చుకుంది, తర్వాత సరుకు రవాణా ఎలక్ట్రిక్ త్రీవీలర్ల వైపు మళ్లింది. నాకైతే ఆ మలుపు ఆశ్చర్యంగా అనిపించలేదు. పాత కారు విలువను బ్యాటరీ ఖరీదు మించిపోతే ఎవరు మార్పిస్తారు? అయినా పని ఆగలేదు. 2018లో వారణాసి డీజిల్ లోకోమోటివ్ వర్క్స్‌లో పాత డీజిల్ రైలింజిన్‌నే ఎలక్ట్రిక్‌గా మార్చేశారు. మోటారు, కంట్రోలర్, బ్యాటరీ తెలిసిన మెకానికల్ కుర్రాళ్లకు చోటుంది. ఐటీఐల్లో మెకానిక్ ఎలక్ట్రిక్ వెహికల్ ట్రేడు వచ్చింది కూడా. ఒక్కటే షరతు, హైవోల్టేజ్ బ్యాటరీ ఇంట్లో విప్పి నేర్చుకునేది కాదు.

రెజ్యూమెలో ఏం రాస్తారు?

'ఆటోమొబైల్స్ అంటే ఆసక్తి' అని రాయకండి, అందరూ రాస్తారు. 'మారుతి 800 హెడ్ విప్పి గాస్కెట్ మార్చాను, ముందూ తర్వాతా కంప్రెషన్ రీడింగులు ఇవి' అని రాయండి. ఇందుకోసం మొదటిరోజు నుంచే ఒక డైరీ పెట్టండి. తేదీ, లక్షణం, చేసిన పరీక్ష, రీడింగు, మీ అనుమానం, చివరికి తేలిన కారణం, ఖర్చు. అనుమానం తప్పయిన పేజీలు చింపేయొద్దు, ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఎక్కువసేపు ఆగేది వాటి దగ్గరే. సెలవుల్లో గాజువాక ఆటోనగర్‌లో ఏదో ఒక షెడ్డులో నెల రోజులు హెల్పర్‌గా నిలబడండి. జీతం అడక్కండి, ఎందుకు అని మాత్రం రోజూ అడగండి.

దారులు చాలానే ఉన్నాయి. ఐటీఐ పాసైనవాళ్లకు నేవల్ డాక్‌యార్డు అప్రెంటిసెస్ స్కూల్ ఫిట్టర్, మెకానిక్ డీజిల్, మెషినిస్టు, వెల్డర్ వంటి ట్రేడుల్లో సీట్లకు ప్రకటన ఇస్తుంది. డిప్లొమా, బీటెక్ వాళ్లు నాట్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే కంపెనీల్లో అప్రెంటిస్‌షిప్‌లకు దరఖాస్తు చేయొచ్చు. ప్రమాదానికి గురైన బండ్ల నష్టం అంచనా వేసే సర్వేయర్లకు ఐఆర్‌డీఏఐ లైసెన్సు ఇస్తుంది. రేకు తట్టి చూడటం నేర్చినవాళ్లకు నప్పే పని అది, కాలేజీల్లో ఎవరూ చెప్పరు.

ఇక అసిస్టెంట్ మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్ పోస్టులు. మెకానికల్ లేదా ఆటోమొబైల్ చదువుతోపాటు హెవీ వాహనాలు నడిపే లైసెన్సు కూడా అడుగుతారు. చాలామంది నోటిఫికేషన్ వచ్చాక లైసెన్సు కోసం పరిగెడతారు. రవాణా వాహనం లెర్నర్స్‌కి ముందు కారు లైసెన్సు వచ్చి కనీసం ఏడాది గడవాలి, వయసు 20 నిండాలి. అంటే ఈ రోజు కారు లైసెన్సు లేనివాళ్లు లారీ స్టీరింగ్ పట్టడానికే ఏడాది పైన పడుతుంది. స్లాట్ ఈ వారమే బుక్ చేయండి.